దొంగసొమ్ము పంచుకునే చోట



పోయిన జనవరి నెలాఖరున ఒక సాయంత్రం ముప్కాల్‌లో గృహదర్శనాలకు బయలుదేరాము. పసుపు తవ్వకాల రోజులు. ఊరంతా పసుపు ఉడికిన వాసన. హైవే మీద లారీల వెలుతురు తప్ప వీధుల్లో మనిషి అలికిడి లేదు. అందరూ కల్లాల దగ్గరే ఉన్నారు. మా సంఘ పెద్దలలో ఒకాయన మమ్మల్ని చూసి పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చారు. కుశల ప్రశ్నలు కూడా కాకముందే పశువుల కొట్టంలోకి వెళ్ళి, ఒక యూరియా సంచి తెచ్చి మా కాళ్ళ ముందు గుమ్మరించారు. పదకొండు పుస్తకాలు.

"అయ్యగారూ, పోరడు రాత్రిళ్ళు గివే సదువుతున్నడు. డిగ్రీ పుస్తకాలనుకున్న. సూస్తే అన్ని దొంగతనాలు, కూనీలు, ఒకన్నొకడు మోసం జేసుడు. గిసొంటియి ఇంట్ల ఉంటె దీవెన ఉంటదా? మీ చేతులతోని మీరే పొయిల ఎయ్యుండ్రి" అన్నారు.

పొయ్యి మండుతూనే ఉంది. మేము సంచి తీసుకున్నాము గాని పొయ్యిలో వేయలేదు. చదివి చెబుతామన్నాము. పాస్టరు నోట ఈ మాట వస్తుందని ఆయన ఎదురుచూడలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఈ రోజుల్లో యౌవనస్థుడు ఫోను ప్రక్కన పెట్టి పుస్తకం పట్టుకున్నాడంటే అదే స్తోత్రం చెప్పవలసిన సంగతి అని మా ఇంట్లో వాళ్ళు తరువాత అన్నారు. అదృష్టవశాత్తు ఆ మాట పెద్దాయన ముందు అనలేదు.

ఈ కుటుంబం వారి అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. ఇంటి గుర్తులు కొన్ని మార్చాము.

మేము ఆ సంచిని పొయ్యిలో వేయలేకపోవడానికి ఇంకొక కారణం ఉంది, ఒప్పుకుంటాము. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో మా హాస్టలులో ఒక పుస్తకం గదులన్నీ తిరిగేది. దానికి పైన వేసిన అట్ట రోమా పత్రిక వ్యాఖ్యానానిది, లోపల ఉన్నది జేమ్స్ హాడ్లీ చేజ్ నవల. ఇంగ్లీషు మాకు అప్పుడు అంతంత మాత్రమే. అయినా రాత్రి రెండింటి దాకా టార్చిలైటు పెట్టుకుని చదివాము. మరునాటి ఉదయ ప్రార్థనలో కునికిపాట్లు పడితే, వ్యాఖ్యానం చదివి అలసిపోయామని మా స్నేహితుడు వార్డెను గారితో చెప్పాడు. అట్ట వరకు అది అబద్ధం కాదు!

కాబట్టి పదకొండు పుస్తకాలనూ కూర్చుని చదివాము. మూడు వారాలు పట్టింది.

సంచిలోవన్నీ ఒక జాతివి కావు. తల్లిదండ్రులకు అట్ట మీద తుపాకీ కనబడితే అన్నీ ఒకటే. చదివేవానికి మాత్రం వాటిలో రెండు తెగలు కనబడతాయి. ఒకటి మన తాతల కాలం నుండి ఉన్న అపరాధ పరిశోధక నవల. కొమ్మూరి సాంబశివరావు గారు (1926–1994) వ్రాసిన 'చావు కేక', 'ఉరితాడు' వంటివి ఈ తెగలోవి. వాటిలో యుగంధర్ అనే డిటెక్టివ్, రాజు అనే అతని సహాయకుడు. ఎంత ఘోరం జరిగినా యుగంధర్ వస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు, చివరి పేజీలలో దోషిని పట్టి ఇస్తాడు. తరువాతి తరానికి మధుబాబు గారి 'షాడో' అలాంటివాడే. వేగం ఎక్కువ, దెబ్బలాటలు ఎక్కువ, నమ్మకం మాత్రం అదే. రక్షించేవాడు ఒకడు బయలుదేరి వస్తున్నాడని పాఠకునికి ముందే తెలుసు.

ఈ పుస్తకాలు మన జిల్లాలో ఎలా తిరిగాయో బోధనులో ఒక పెద్దమనిషి మాకు చెప్పారు. ఆయన శక్కర్‌నగర్ కాలనీలో ఉండేవారు. చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, చేతులు కడుక్కుని, అద్దె పుస్తకాల దుకాణానికి వెళ్ళేవారట. రోజుకు పావలా అద్దె. ఒక్కరోజులో చదివి తిరిగి ఇవ్వాలి, లేకపోతే ఇంకొక పావలా. అందుకని ఆయన చదువుతూ ఉంటే భార్య కూర తరుగుతూ వినేదట, ప్రక్కింటివారు అరుగు మీద కూర్చుని వినేవారట. 1937లో మొదలైన ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అద్దె దుకాణాలు అంతకంటె ముందే, టీవీ వచ్చినప్పుడే పోయాయి. "చివరి పేజీ ఎవరో చింపేసేవాళ్ళయ్యా. దొంగ ఎవరో తెలియక రెండు రోజులు నిద్రపట్టేది కాదు" అని ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

రెండవ తెగ వేరు. అందులో యుగంధర్ రాడు. అసలు కథ చెప్పేది దొంగే, లేదా దొంగ వెంట నడిచే కలం. ముగ్గురో నలుగురో కలిసి ఒక దోపిడీకి పథకం వేస్తారు. పథకం పారుతుంది కూడా. అక్కడి నుండి కథ చీకట్లోకి దిగుతుంది, ఎందుకంటే సొమ్ము పంచుకోవాలి. ఫ్రెంచి భాషలో నలుపును 'నువార్' అంటారు. పారిస్‌లోని గలిమార్ ప్రచురణ సంస్థలో మార్సెల్ దుహామెల్ అనే ఆయన 1945లో ఇంగ్లండు, అమెరికాల నేర నవలలను ఫ్రెంచిలోకి తెచ్చే ఒక వరుస ప్రారంభించాడు. దానికి 'సెరీ నువార్', అంటే నల్లని వరుస, అని పేరు. మా హాస్టలు మిత్రుడు చేజ్ కూడా దాని మొదటి పుస్తకాలలోనే ఉన్నాడు. ఆ మరుసటి సంవత్సరం ఫ్రెంచి విమర్శకులు ఇలాంటి సినిమాలకూ అదే పేరు పెట్టారు. తెలుగులో మనం వీటిని నల్ల నవలలు అనుకోవచ్చు.

ఈ చేజ్ అనే ఆయన అసలు పేరు రెనే రేమండ్. 1906లో లండనులో పుట్టాడు, పుస్తకాల వ్యాపారంలో పనిచేశాడు, 1985లో స్విట్జర్లాండులో చనిపోయాడు. సుమారు తొంభై నవలలు వ్రాశాడు. అమెరికా దొంగల గురించే ఎక్కువగా వ్రాసినవాడు అమెరికాలో కాపురమున్నవాడు కాదు. పటాలు, అక్కడి యాస పదాల నిఘంటువు ముందు పెట్టుకుని వ్రాశాడు. ఇది తెలిసినప్పుడు మాకు కొంచెం నిరాశ కలిగింది. తరువాత ఆలోచిస్తే, ఆయనకు వీధుల పేర్లు మాత్రమే పటంలో వెదకవలసి వచ్చిందని అనిపించింది. తక్కినది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

సంచిలో ఆయనవి రెండు ఉన్నాయి. ఒకటి 1959లో వచ్చిన 'ది వరల్డ్ ఇన్ మై పాకెట్'. నలుగురు మగవాళ్ళు, ఒక యువతి. పథకం తెచ్చింది ఆ యువతే. పది లక్షల డాలర్ల జీతాల సొమ్మును మోసుకుపోయే ఇనుప లారీని లారీతో సహా ఎత్తుకుపోయి, ఒక ఇల్లులాంటి బండిలో దాచి, విహారయాత్రకు వెళ్ళేవారిలాగా జనం మధ్యనే తిరుగుతారు. లారీ చేతికి వచ్చింది, తాళం మాత్రం తెరుచుకోదు. లోపల పది లక్షలు, బయట అయిదుగురు, మధ్యలో ఒక ఇనుప తలుపు. ఆ తలుపు ముందు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకోవడం మొదలుపెడతారో అదే నవల. వాళ్ళలో ఎవరూ సుఖపడరు.

అయితే ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఈ తెగలో నిజంగా చెడ్డవి ఉన్నాయి. చేజ్ మొదటి నవల 1939లో వచ్చింది. దాని మీద 1944లో జార్జ్ ఆర్వెల్ ఒక పెద్ద వ్యాసం వ్రాశాడు. ఆయన మన బీహారులోని మోతిహారిలో పుట్టినవాడు. పుస్తకం పనితనం బాగున్నదని ఒప్పుకుంటూనే, అందులో బలవంతుడు ఏమి చేసినా చెల్లుతుందనే ఆరాధన ఉన్నదని, వెనుకటి దొంగ కథలలో దొంగకు కూడా ఉండిన కొన్ని హద్దులు ఇందులో లేవని వాపోయాడు. సంచిలోని మూడు తెలుగు పుస్తకాలు అలాంటివే. ఆడవారిని హింసించడాన్ని పేజీలకు పేజీలు నంజుకు తిన్నట్టు వ్రాశారు. కథకు దానితో పనిలేదు. ఆ మూడింటినీ మేమే నీళ్ళపొయ్యిలో వేశాము. పేర్లు చెప్పము, చెబితే వెదుక్కుని చదువుతారు.

మిగిలిన ఎనిమిదీ ఎందుకు అంతగా లాగుతాయి? ఒక యౌవనస్థుడు పగలంతా పసుపు మోసి, రాత్రి నిద్ర మానుకుని చదివేంత ఏముంది వాటిలో?

సులువైన జవాబు ఒకటి ఉంది. మనుషులకు చెడు మీద ఆశ, అందుకని చదువుతారు అనేది. మేమూ ప్రసంగాలలో ఈ మాట వాడాము. కాని ఈ కథ వయస్సు చూస్తే ఆ జవాబు చాలదనిపిస్తుంది.

మా అమ్మమ్మ మాకు చెప్పిన కథ ఒకటి ఉంది. ముగ్గురు దొంగలకు అడవిలో మూట దొరుకుతుంది. ఒకణ్ణి లడ్డూల కోసం ఊళ్ళోకి పంపుతారు. వాడు లడ్డూలలో విషం కలుపుతాడు. వాడు రాగానే మిగిలిన ఇద్దరూ వాణ్ణి చంపి, లడ్డూలు తిని చస్తారు. మూట అక్కడే ఉంటుంది. ఇది అమ్మమ్మ కల్పన అనుకునేవాళ్ళము. తరువాత తెలిసింది, ఇంగ్లండులో ఛాసర్ అనే కవి పద్నాలుగవ శతాబ్దంలోనే ఇదే కథను రొట్టె, ద్రాక్షారసంతో చెప్పాడు. దానికంటె ఎంతో ముందు బౌద్ధుల జాతక కథలలో ఉంది, వేదబ్భ జాతకము అని.

ఆ జాతకంలో సంఖ్యలు పెద్దవి. ఒక బ్రాహ్మణుడు మంత్రంతో ఆకాశం నుండి ధనం కురిపిస్తాడు. అయిదు వందల మంది దొంగలు దాన్ని పట్టుకుపోతూ ఉంటే ఇంకొక అయిదు వందల మంది అడ్డం వస్తారు. బ్రాహ్మణుడు చస్తాడు, మొదటి ముఠా చస్తుంది. గెలిచిన ముఠా రెండుగా చీలి కొట్టుకుంటుంది. మళ్ళీ చీలుతుంది. అలా చీలుతూ చీలుతూ ఇద్దరు మిగులుతారు. ఒకడు కత్తి పట్టుకుని ధనం దగ్గర కూర్చుంటాడు, రెండవవాడు అన్నం తేవడానికి వెళ్ళి విషం కలుపుతాడు. వాణ్ణి వీడు నరుకుతాడు, ఆ అన్నం తింటాడు. వెయ్యి మంది దొంగలలో ఒక్కడు కూడా మిగలడు, ధనం మాత్రం మిగులుతుంది. బౌద్ధ గ్రంథాలలో అశ్మక దేశపు రాజధానిగా కనబడే పోదన మన బోధనే అని చరిత్రకారులు పలువురు చెబుతారు. అంటే మన చక్కెర ఫ్యాక్టరీ కార్మికులు పావలా ఇచ్చి చదివిన కథల ముత్తాత ఆ వీధుల్లోనే ఎప్పుడో ఎవరి నోటనో వినబడి ఉండవచ్చు. ఉండవచ్చు అని మాత్రమే అంటున్నాము.

ఈ కథలో కత్తి పట్టుకున్నవాడు కూర్చుని ఉండే సమయం ఎంతసేపో ఆలోచించండి. రెండవవాడు ఊళ్ళోకి పోయి, వంట చేయించుకుని, తిరిగి రావాలి. పగలు సగం గడుస్తుంది. ఆ సేపు వీడు ఏమి ఆలోచించాడు? "వాడు కూడా నాలాగే ఆలోచిస్తూ ఉంటాడు" అని. జాతకం ఆ సగం పగటిని ఒకటి రెండు మాటలలో దాటిపోతుంది. నల్ల నవల ఆ సగం పగటినే రెండు వందల పేజీలు చేస్తుంది. దోపిడీ చేయడానికి ఒకరినొకరు నమ్మాలి. నమ్మకం లేనివాళ్ళమని రుజువు చేసుకున్నాక ఎలా నమ్మాలి? ఈ ముడి పాఠకుణ్ణి పట్టుకుంటుంది. తుపాకులు పైపై సంగతి.

ఇక మన ముప్కాల్ ముందు నుండి పోయే దారి సంగతికి వస్తాము. నాగపూరు నుండి నిర్మల్, ఆర్మూరు, కామారెడ్డి మీదుగా హైదరాబాదు పోయే ఈ దారిని మన పెద్దలు ఇంకా ఏడో నంబరు రోడ్డు అంటారు, ఇప్పుడది నలభై నాలుగు. ఇలాంటి దక్కను దారుల మీద తిరిగే ముఠా గురించి 1839లోనే ఒక నల్ల నవల వచ్చింది, అప్పటికి ఆ పేరు పుట్టకపోయినా. వ్రాసినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్ (1808–1876). లివర్‌పూల్‌లో పుట్టి, పదిహేనేళ్ళ వయస్సులో బొంబాయి వచ్చి, నిజాము కొలువులో చేరి, పోలీసు అధికారం కూడా చేశాడు. పట్టుబడిన ఠగ్గుల వాఙ్మూలాలు తానే విన్నాడు. వాటితో అల్లిన నవల 'ఒక ఠగ్గు ఒప్పుకోలు'. విక్టోరియా రాణి అచ్చు కాగితాలు ఎప్పటికప్పుడు తెప్పించుకుని చదివిందని చెబుతారు.

ఆ నవలలో కథ చెప్పేది అమీర్ అలీ అనే ఠగ్గే. తోటివాళ్ళను పట్టించి తన ప్రాణం కాపాడుకున్నవాడు, చెరసాలలో కూర్చుని ఒక దొరకు తన జీవితం చెబుతాడు. ముఠా వర్తకుల వేషంలో, సిపాయీల వేషంలో బయలుదేరుతుంది. దారిలో బాటసారులతో స్నేహం చేస్తుంది. దొంగల భయం ఉంది, కలిసి పోదాం అంటుంది! రోజులు రోజులు కలిసి నడుస్తారు, కలిసి వండుకుంటారు, పాటలు పాడుకుంటారు. స్నేహం చేసేవాళ్ళు వేరు, రుమాలు బిగించేవాళ్ళు వేరు, ముందుగానే గోయి తవ్వి ఉంచేవాళ్ళు వేరు. ఒక రాత్రి భోజనాల తరువాత పొగాకు తెమ్మని ఎవరో అంటారు. ఆ మాటే గురుతు. ఆ ముఠా హైదరాబాదుకూ వస్తుంది. చార్మినారు, మొహర్రం, అన్నీ ఉంటాయి.

చదివేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. అమీర్ అలీ మంచి మాటకారి, ధైర్యశాలి, భార్యాపిల్లల మీద ప్రేమ ఉన్నవాడు. మనకు తెలియకుండానే వాని ప్రక్కన నడుస్తాము. బాటసారి అనుమానపడితే, అయ్యో పథకం పాడవుతుందేమో అని మన గుండె కొట్టుకుంటుంది. పేజీ తిప్పిన తరువాత సిగ్గు వేస్తుంది. తన తల్లిదండ్రులను చంపినవాడే తనను పెంచిన తండ్రి అని, తాను చంపిన ఒక స్త్రీ తన సొంత చెల్లెలు అని వానికి చివరికి తెలుస్తుంది. అప్పటికి మనం వాని కళ్ళతోనే ఎంతో దూరం వచ్చేశాము. నేరం చేసినవానిచేత కథ చెప్పించే పద్ధతిలో ఉన్న బలమూ ప్రమాదమూ ఇదే.

దీనికి ఇంకొక ప్రమాదం ఉంది. ఠగ్గుల గురించి తెల్లదొరలు వ్రాసినది ఎంత నిజం, ఎంత పెంపకం అని చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్నారు. కథ నచ్చినకొద్దీ కులాలకు కులాల మీద మచ్చ పడింది. 1871లో కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్థులని ఒక చట్టమే చేశారు. 1952 దాకా అది పోలేదు. ఆ చట్టం కిందనే గుంటూరు జిల్లా తీరంలో ఎరుకల వారి కోసం స్టువర్టుపురం అనే ఊరు వెలిసింది. నడిపినది సాల్వేషన్ ఆర్మీ, అంటే మనవారే. ఆ ఊరి పేరు మీద 1991లో సినిమాలు వచ్చాయి, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. జనం ఈలలు వేసి చూశారు. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళి చిరునామా చెప్పినప్పుడు ఎదుటివాని కళ్ళల్లో ఏమి కదులుతుందో ఆ ఈలలు వేసినవారికి తెలియదు. జాషువ గారి కుమార్తె హేమలతా లవణం గారు 1970లలో అక్కడ ఇండ్లకు వెళ్ళి కూర్చుని, నేరాల బాట విడిచినవారికి తోడు నిలిచారు. ఆమె గురించి అంత పెద్ద సినిమా ఏదీ రాలేదు. దొంగ కథ అంత తేలికగా మంచి మనిషి కథ అమ్ముడుపోదు. ఇది మా సంఘ పత్రికకు కూడా తెలిసిన సంగతే.

పెద్దాయనతో ఏమి చెప్పాలా అని ఆలోచిస్తూ మన గ్రంథము వైపు చూశాము. ఊరియా తన మరణ శాసనం ఉన్న ఉత్తరాన్ని తానే యోవాబుకు మోసుకుపోయాడు. విప్పి చదవలేదు, ఎందుకంటే నమ్మకస్థుడు. ఇంతకంటె నల్లని కథ చేజ్ వ్రాయలేదు. యూదా తెచ్చిన ముప్పది వెండి నాణెములను చివరికి యాజకులు కూడా కానుకపెట్టెలో వేసుకోలేక కుమ్మరివాని పొలం కొన్నారు. పంచుకోలేని సొమ్ము అక్కడా ఉంది. ఇవి ఆదివారం బడిలో చిన్నపిల్లలకు చెబుతాము. అట్ట మీద తుపాకీ లేదు గనుక ఎవరూ భయపడరు.

శనివారం సాయంత్రం కుర్రవాడే వచ్చాడు. ఆర్మూరులో డిగ్రీ రెండవ సంవత్సరం. నిజామాబాదులో పాత పుస్తకాల బండి దగ్గర కిలోల లెక్కన కొన్నాడట. గుమ్మంలోనే నిలబడి, "కాల్చిండ్రా అయ్యగారూ?" అన్నాడు.

"మూడు కాల్చాము. ఎనిమిది ఉన్నాయి. కూర్చో తమ్మీ" అన్నాము.

ఏ మూడో చూసి తల వంచుకున్నాడు. అవి తనకూ నచ్చలేదన్నాడు. యుగంధర్‌వి నాలుగు ఉన్నాయి గదా, వాటితో పోలిస్తే ఈ నల్లవాటిలో నీకేమి కనబడిందని అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు, "గండ్ల డిటెక్టివ్ రాడయ్యా. గందుకే."

మాకు వెంటనే అర్థం కాలేదు.

"మా ఇంట్ల గూడ ఎవ్వలు రాలే" అన్నాడు.

ఆ ఇంటి సంగతి సంఘములో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. తండ్రి తొమ్మిదేళ్ళు మస్కట్‌లో కట్టడం పనిలో ఉన్నారు. నెలనెలా తమ్మునికి డబ్బు పంపారు, కాలువ క్రింద రెండెకరాలు కొనమని. తమ్ముడు కొన్నాడు. కాగితాలు తన పేరున చేయించుకున్నాడు. తిరిగి వచ్చిన సంవత్సరమే వాకిలి మధ్యన గోడ లేచింది. గుడిలో ఈ కుటుంబం ఎడమవైపున, ఆ కుటుంబం కుడివైపున కూర్చుంటుంది. బల్లారాధన రోజు ఒకరి తరువాత ఒకరు లేవకుండా జాగ్రత్తపడతారు. మేము రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడాము. క్షమాపణ గురించి ప్రసంగించాము. ఇద్దరూ ఆమేన్ అన్నారు. గోడ అలాగే ఉంది.

పెద్దమనుషుల ఎదుట ఆ తమ్ముడు అన్న మాట ఒకటి మాకు ఎప్పుడూ మనస్సులో ఉంటుంది. మొదటి రోజు తాను మోసం చేయాలని అనుకోలేదన్నాడు. అన్న దేశంలో లేడు, సంతకానికి రాలేడు, అందుకని తన పేరున వ్రాయించాడు. తరువాత బోరు వేయడానికి ఆ కాగితాల మీద అప్పు తెచ్చాడు. తరువాత పెద్ద బిడ్డ పెండ్లి వచ్చింది. కట్టుకున్నవారు అడిగినప్పుడు భూమి మనదే అన్నాడు. ఒకసారి అన్న తరువాత వెనక్కి తీసుకోలేకపోయాడు. ఆ రోజు మేము ఈ మాటను సాకుగా విన్నాము. ఇప్పుడు ఎనిమిది నవలలు చదివిన తరువాత, అది సాకే గాని నిజం కూడా అనిపించింది. అమెరికా రచయిత జేమ్స్ కెయిన్ 1934లో వ్రాసిన 'ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్'లో ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి హత్య చేస్తారు. వాళ్ళను పోలీసు లాయరు విడివిడిగా భయపెడితే, ఆమె మీద నేరం మోపే కాగితం మీద అతడు సంతకం పెడతాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు అతడు కూడా రాక్షసుడు కాడు. అలసిపోయినవాడు, భయపడినవాడు. ఒక్కొక్క మెట్టూ చిన్నదే. దిగిన తరువాత పైకి చూస్తే ఆకాశం కనబడదు.

మనం ప్రసంగవేదిక మీద నుండి ద్రోహం అంటాము, పాపం అంటాము. అది తీర్పు మాట, చివరి మెట్టు మాట. ఎవడైనా మొదటి మెట్టు ఎలా దిగాడో, కలిసి ఒకే కంచంలో తిన్నవాని మనస్సు ఏ సాయంత్రం తిరిగిందో మనం చెప్పము. ఈ కుర్రవాడు నాలుగేళ్ళుగా ఆ ప్రశ్ననే మోస్తున్నాడు. తండ్రిని అడగలేడు, ఆయన గాయం. చిన్నాయనను అడగలేడు, గోడ. మమ్మల్ని అడిగితే వాక్యము చెబుతామని తెలుసు. కాబట్టి బండి దగ్గర కిలోల లెక్కన జవాబు కొనుక్కున్నాడు.

"చిన్నాయన గీ కతలల్ల ఉన్నడయ్యా" అన్నాడు. "మంచిగ నవ్వుతడు, నన్ను భుజాల మీద ఎక్కించుకున్నడు. గట్లనే ఉంటరు గీండ్ల గూడ."

మేము ప్రార్థన చేశాము. అంతకంటె ఎక్కువ మాట్లాడలేదు. పుస్తకాలను మా గదిలోనే, పాటల పుస్తకాల అర క్రింద పెట్టాము. కావలసినప్పుడు వచ్చి తీసుకుపొమ్మన్నాము. చదివిన తరువాత పది నిమిషాలు కూర్చుని అందులో ఎవడు ఎక్కడ తిరిగాడో చెప్పిపోవాలని మాత్రం నియమం పెట్టాము. తల్లిదండ్రులారా, మీ ఇంట్లోనూ ఇలాంటి సంచి దొరికితే ఆ పది నిమిషాలు మీరే తీసుకోండి. పాస్టరు దాకా రానక్కరలేదు.

మార్చి నెలలో మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాము. ఉడికిన పసుపు కల్లంలో ఆరుతోంది. పెద్దాయన కాళ్ళతో కొమ్ములు కదుపుతూ నడుస్తున్నారు. కుర్రవాని అనుమతితోనే అతడన్న మాటలు ఆయనకు చెప్పాము. ఆయన నడక ఆపలేదు. ఈ చివరి నుండి ఆ చివరికి పోయి తిరిగి వచ్చి, "గా కతలల్ల పోగొట్టుకున్నోనికి ఎనుకకొస్తదా అయ్యగారూ?" అని అడిగారు.

రాదన్నాము.

ఇంకొకసారి ఆ చివరికి పోయి వచ్చారు. "గోడవతల చిన్నోని బిడ్డ గూడ మీ దగ్గర పుస్తకాలు తీస్కపోయిందట. నిజమేనా?"

నిజమేనన్నాము. రెండు తీసుకుపోయింది.

"ఏ పుస్తకాలు?"

యుగంధర్‌ది ఒకటి, అట్ట లేనిది ఒకటి అన్నాము. ఆయన గోడ వైపు కొంచెంసేపు చూసి, మళ్ళీ కొమ్ములు కదపడం మొదలుపెట్టారు.